పొలానికి షుగర్ వచ్చింది

ఎల్లారెడ్డి,
నవంబరు 14.

ఇఫ్ఫత్ మేడం గారికి,

మేడం అన్నానని ఉబ్బిపోకు. మట్టి పరీక్షల ల్యాబులో నీ పక్కన కూర్చునేవాళ్లు ఎవరైనా ఈ కాగితం తెరిస్తే నీ పరువు పోకూడదని అలా రాశాను, అంతే. ఇక్కడి నుంచి నువ్వు ఉత్త ఇఫ్ఫత్‌వే. ఏడో తరగతిలో నా జామెట్రీ బాక్సు తీసుకుని ఈ రోజుకీ తిరిగివ్వనిదానివే.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మనం ఫోన్‌లో మాట్లాడితే ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, వినేవాళ్లు ఉండరు. పోయినసారి గంటసేపు మాట్లాడి పెట్టేశాక, అసలు ఎందుకు చేశానో అది అడగనే లేదని గుర్తొచ్చింది. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

కామారెడ్డి బస్సు కండక్టర్ యాకూబు భాయ్ నీకు ఒక గోనెసంచి తెచ్చిస్తాడు. అందులో ముప్పై ఒక్క మట్టి పొట్లాలు, ఒక సీసా ఉంటాయి. సీసాలో ఉన్నది పుదీనా షర్బత్ కాదు, తాగకు. అది మా తుమ్మల చెరువు నీళ్లు.

పోయిన ఎండాకాలం మా చెరువులో చేపలు చచ్చిపోయిన సంగతి నీకు తెలుసు. పొద్దున లేచి చూసేసరికి బొచ్చెలు, రవ్వలు కడుపులు పైకి పెట్టి కట్ట పొడుగునా తేలాయి. చేపల సొసైటీలో మేం పద్దెనిమిది ఇళ్లవాళ్లం. ఆ రోజు ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదు. ఈ ఏడు మళ్లీ చేపపిల్లల్ని వదిలారు. మా ఆయన మాత్రం ఒక మాట అనేశాడు. “ఈపారి గూడ సచ్చినయంటే నేను మస్కట్ పోత. ఇగ చెరువు మొఖం గూడ చూడ.” అని ఊరుకున్నా బాగుండేది. పాస్‌పోర్టు తీయించి తెచ్చి బీరువాలో నా చీరల మధ్య పెట్టాడు. ఏజెంటుతో కూడా మాట్లాడి వచ్చాడు.

ఇఫ్ఫత్, భీమేష్ అన్నాడంటే చేస్తాడు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆయన గురక వినిపించకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ మాట ఆయనకు చెప్పావంటే మన స్నేహం అక్కడితో సరి.

చెరువులో రోగానికి కారణం పొలంలో ఉంటుందని నువ్వే ఒకసారి అన్నావు. అందుకని చెరువు చుట్టూ ఉన్న పొలాలన్నీ తిరిగి మట్టి తెచ్చాను. ఒక్కొక్కరిని బతిమాలేసరికి తాతలు దిగొచ్చారు. మైసన్న అయితే, “నా మట్టి కామారెడ్డికి తీస్కపోయి నాకేమన్న చేపిస్తవా ఏంది” అని నిమ్మకాయ కట్టి మరీ ఇచ్చాడు. ఆ నిమ్మకాయ నీకే. ప్రతి పొట్లంలో చీటీ మీద పేరు ఉంది. తొందరగా చూసి చెప్పు.

పద్మలత

*

కామారెడ్డి,
డిసెంబరు 3.

పద్మా,

నీ సంచి క్షేమంగా చేరింది. బస్సులో ఎవరో పల్లికాయ అనుకుని కిలో ఎంతని అడిగారట. “ఇది భూమి, అమ్మేది కాదు” అన్నాడట యాకూబు భాయ్. మైసన్న నిమ్మకాయ పప్పులోకి పనికొచ్చింది. ఇప్పటిదాకా నాకేమీ కాలేదు.

ఇక ఫలితాలు. మీ చేపలకు ఎవరూ విషం పెట్టలేదు. తిండి ఎక్కువ పెట్టి చంపారు. మీరు పిండి బస్తాలని కొనే డీఏపీ ఎరువులో భాస్వరం ఉంటుంది. వరి తినేది కొంచెమే. మిగిలింది మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. వాన పడితే ఆ మట్టి కొట్టుకొచ్చి చెరువులో చేరుతుంది. పొలంలో వరికి బలమిచ్చేదే చెరువులో పాచికి బలమిస్తుంది. పాచి బలిసి, చచ్చి, కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న గాలినంతా అదే తినేస్తుంది. తెల్లారేసరికి చేపకు ఊపిరి ఆడదు.

ముప్పై ఒక్క పొట్లాల్లో ఇరవై రెండింటిలో భాస్వరం ‘ఎక్కువ’. ఏడు ‘మధ్యమం’. రెండే రెండు ‘తక్కువ’. పదిహేడో పొట్లం అయితే ఎక్కువ అనే గీతకు మూడింతలు పైన ఉంది. ఇంత ముదిరిన మట్టిని నా పదకొండేళ్ల ఉద్యోగంలో చూడలేదు. చీటీ మీద ‘ఈరవ్వ’ అని మాత్రమే ఉంది. ఇంటిపేరు లేదు, సర్వే నంబరు లేదు. ఎవరీ ఈరవ్వ? ఆ పేరు ఎక్కడో విన్నట్టుంది నాకు.

ముప్పై ఒక్క కార్డులు పంపుతున్నాను. కంప్యూటర్ కాగితం ఎవరికీ అర్థం కాదని అన్నీ నా చేత్తో పెద్ద అక్షరాలతో రాశాను. ఎక్కువ ఉన్నవాళ్లకు కొట్టొచ్చినట్టు కనబడాలని ఆకుపచ్చ ఇంకు వాడాను. ‘ఎక్కువ’ అని చూడగానే ఇక వేయనక్కర్లేదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. యాసంగి నాట్లకు ముందే పంచిపెట్టు.

అమ్మీ నిన్ను అడిగింది. చిక్కిపోయావేమోనని ఆమె బాధ. నేను ఫోటో చూపించాను. ఆ బాధ పోయింది.

ఇఫ్ఫత్

*

ఎల్లారెడ్డి,
డిసెంబరు 22.

ఆకుపచ్చ ఇంకు మహారాణికి,

నీ కార్డులు పంచాను. ఇప్పుడు నువ్వు వచ్చి వాటిని వెనక్కి తీసుకుపో.

చిన్నపిల్లకైనా తెలుస్తుందని రాశావు. మా ఊళ్లో పెద్దవాళ్లున్నారమ్మా. లస్మయ్య మామ కార్డు చూసి, “భాస్వరం ఎక్కువచ్చింది, అదీ పచ్చ సిరాతోని” అని ఎగిరి గంతేశాడు. పచ్చ సిరా అంటే గెజిటెడ్ ఆఫీసరు సంతకమట. బజారుకు పోయి దానికి లామినేషన్ చేయించి ఛాయ్ హోటల్లో గోడకు వేలాడదీశాడు. ఇక చూడు, పదో తరగతి ఫలితాలు వచ్చినట్టే ఉంది ఊరంతా. “నాకు ఎక్కువచ్చింది, నీకెంతొచ్చింది?” ఎవరి నోట విన్నా ఇదే మాట. భాస్వరం ఎక్కువున్నవాళ్లు ఫస్ట్ క్లాసు, మధ్యమం సెకండ్ క్లాసు, తక్కువ వచ్చిన ఇద్దరూ ఫెయిలు. పాపం, వాళ్లు ఛాయ్ తాగడానికి కూడా బయటికి రావడం లేదు.

అసలు ఘోరం మైసన్నది. ఆయనకు మధ్యమం వచ్చింది కదా. లస్మయ్య మామ ముందు తల తీసేసినట్టయిందట. మర్నాడే రెండు బస్తాల డీఏపీ ఎక్కువ తెచ్చి చల్లాడు. “వచ్చే పరీక్షకు నాది గూడ పచ్చ సిరానే. రాసిపెట్టుకో పద్మా” అన్నాడు నాతో. ఆయన్ని చూసి మిగతా ఆరుగురు మధ్యమం వాళ్లూ అదే పని. నేను కాళ్లావేళ్లా పడి చెప్పాను. “నీకు కుళ్లు. మీ చేపలు బతకాలని మా పంట తక్కువ చేస్తవా” అన్నారు.

నిన్న రామారెడ్డి నుంచి లస్మయ్య మామ బిడ్డను చూడడానికి వచ్చినవాళ్లకు కూడా ఆ కార్డే చూపించాడట. పెళ్లికొడుకు తండ్రి చదివి, “భూమి మంచిగనే చదువుకున్నది” అన్నాడట.

నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుసు. చెరువు ఇంకా పచ్చబడింది. భీమేష్ పొద్దున కట్ట మీద నిలబడి నీళ్లను చూసి వచ్చి ఏజెంటుకు ఫోన్ చేశాడు. నాకు నవ్వు రావడం లేదు, ఇఫ్ఫత్.

పద్మలత

తాజా కలం: ఈరవ్వ ఎవరో ఒక ముసలమ్మ. ఆమె సంగతి నీకెందుకు?

*

కామారెడ్డి,
డిసెంబరు 30.

పద్మా,

తప్పు నాదే. పచ్చ సిరా నాదే, తెలివి నాదే, ఆ తెలివి తెల్లారిందీ నాకే. మొదట నవ్వాను, ఒప్పుకుంటున్నాను. ఛాయ్ గ్లాసు కింద పెట్టేసి నవ్వాను. చివరి నాలుగు లైన్లు చదివాక గ్లాసు మళ్లీ ముట్టుకోలేదు.

సాయంత్రం నీ ఉత్తరం అమ్మీకి చదివి వినిపించాను. కూరగాయలు తరుగుతూ అంతా విని ఒకే ఒక మాట అడిగింది. “నా రిపోర్టుల గూడ ‘ఎక్కువ’ అని రాస్తరు గద, నేనెప్పుడన్న మిఠాయి పంచిననా?”

అమ్మీకి పద్నాలుగేళ్లుగా షుగర్ కదా, ఆమె చెబుతున్నది ఆ రిపోర్టు సంగతి. పద్మా, మా ల్యాబులో చదువుకున్నవాళ్లం ఐదుగురం ఉన్నాం. ఈ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు. భాస్వరం అంటే మీ ఊళ్లో ఎవరికీ తెలియదు. షుగర్ అంటే తెలియని ఇల్లు ఉందా చెప్పు?

అందుకని మళ్లీ ముప్పై కార్డులు రాశాను. ఈసారి ఎర్ర ఇంకు. ‘భాస్వరం ఎక్కువ’ అని రాయలేదు. ‘మీ పొలానికి షుగర్ వచ్చింది. డీఏపీ మానాలి’ అని రాశాను. మధ్యమం వాళ్లకు ‘షుగర్ లేదు, కానీ జాగ్రత్త’ అని. తక్కువ వచ్చిన ఇద్దరికీ ‘ఆరోగ్యంగా ఉంది, ఒక్క బస్తా చాలు’ అని. మా పెద్ద సారు చూస్తే నా ఉద్యోగం పోతుంది. పోతే మీ ఇంటికే వస్తాను, నాకు చేపల పులుసు ఇష్టం.

పదిహేడో కార్డు ఇంకా రాయలేదు. పేరు పూర్తిగా చెబితే రాస్తాను.

ఇఫ్ఫత్

*

ఎల్లారెడ్డి,
జనవరి 18.

నా ఇఫ్ఫత్‌కు,

మీ అమ్మీ, నా జన్నత్ ఖాలా చేతులు రెండూ కళ్లకద్దుకున్నానని చెప్పు. ఆమెను మీ ల్యాబుకు పెద్ద సారును చేయండి.

కార్డు తీసుకుని లస్మయ్య మామ రెండుసార్లు చదివాడు. కూర్చుండిపోయాడు. “షుగరా? నా పొలానికా? ఎంతున్నది?” అన్నాడు. లామినేషన్ కార్డు ఛాయ్ హోటల్ గోడ మీద నుంచి ఆ సాయంత్రానికే మాయమైంది. పిల్లను చూసినవాళ్లకు ఈ సంగతి తెలియకూడదని నాతో ఒట్టు వేయించుకున్నాడు. మైసన్న ఛాతీ ఇంత చేసుకుని, “నాకు షుగర్ లేదు” అని ఊరంతా తిరుగుతున్నాడు. ఆ రెండు బస్తాలు చల్లినందుకు మాత్రం ఇప్పుడు భయం పట్టుకుంది. పొద్దున నా దగ్గరికి వచ్చి, “ఇప్పుడు మళ్ల పరీక్ష చేపిస్తె ఎక్కుతదా?” అని గుసగుసగా అడిగాడు.

ఇప్పుడందరూ పథ్యం అడుగుతున్నారు. ఏది మానాలి, ఎన్నాళ్లు మానాలి, మధ్యలో ఒక్కసారి కొంచెం వేస్తే ఏమవుతుంది? జన్నత్ ఖాలా జిలేబీ దగ్గర అడిగే ప్రశ్నలే అన్నీ. పదహారు మంది ఈ నాట్లకు డీఏపీ ముట్టలేదు. ఇఫ్ఫత్, నాకు ఎగరాలని ఉంది.

కానీ ఎగరలేను. ఇక చెప్పక తప్పదు. ఈరవ్వ అంటే మా అత్తమ్మ. నా పెళ్లిలో నీకు మూడుసార్లు పులిహోర వడ్డించింది ఆమే. నీకు మొదటి రోజే తెలిసిపోయిందని నాకూ తెలుసు. పదిహేడో పొట్లం మా రెండెకరాలది, వరద నీళ్లు చెరువులోకి దిగే చోటే ఉంటుంది. భీమేష్ ఎకరానికి మూడు బస్తాలు వేస్తాడు. చేపలు చచ్చిన ఏడు నష్టం పూడ్చుకోవాలని నాలుగు వేశాడు. ఊళ్లో అందరికన్నా ముదిరిన షుగర్ మాదే.

ఆయనకు ఇది తెలియదు, మొదటి పచ్చ కార్డు కూడా ఆయన కంట పడనివ్వలేదు. చేపలు చావడానికి ఊళ్లో రైతులే కారణమని సొసైటీలో గొంతు చించుకుంటున్నాడు. తన చేపల్ని తనే చంపుకున్నానని తెలిస్తే ఎండాకాలం దాకా ఆగడు. మొఖం చూపించలేక రేపే విమానం ఎక్కుతాడు. నాకు ఆ మనిషి తెలుసు.

అందుకని ఒక్క సాయం చెయ్యి. పదిహేడో కార్డులో ‘మధ్యమం’ అని రాయి. అంతే. పొలంలో డీఏపీ పడకుండా నేను ఏదో ఒకటి చేసుకుంటాను, బస్తాలు దొరకలేదని చెబుతాను. ఒక్క మాట, ఇఫ్ఫత్. ఎవరికీ నష్టం లేదు.

నీ పద్మ

*

కామారెడ్డి,
జనవరి 23.

పద్మా,

రాయను.

నీ మీద కోపంతో కాదు. ఈ ఒక్క కార్డు అబద్ధం రాస్తే మిగిలిన ముప్పై నేను నమ్మి రాసినట్టు ఎట్లా అవుతుంది? నువ్వు ఊరందరి పొలాలకూ షుగర్ ఉందని చెప్పి, నీ పొలం కార్డు దిద్దించుకుంటే అది నష్టం కాదా?

ఇంకో మాట. భీమన్నకు తెలియకుండా ఎన్నాళ్లు బస్తాలు దాస్తావు? అంత తెలివి ఉంటే మనిద్దరం ఏడో తరగతి లెక్కల్లో కాపీ కొట్టి దొరికేవాళ్లమా?

పదిహేడో కార్డు అసలుది, నిజంది, దీనితో పంపుతున్నాను. చూపించడం, చూపించకపోవడం నీ ఇష్టం.

ఇఫ్ఫత్

*

ఎల్లారెడ్డి,
ఫిబ్రవరి 9.

గౌరవనీయులైన మట్టి పరీక్షల అధికారిణి శ్రీమతి ఇఫ్ఫత్ గారికి,

నమస్కారములు. తమరు దయతో పంపిన కార్డు అందినది. చెరువు నీళ్ల సీసా ఒకటి ఇందువెంట పంపడమైనది. ఫలితము వీలు వెంబడి తెలుపగలరు. ఇతర విశేషములు ఏమియు లేవు.

ఇట్లు,
తమ విధేయురాలు,
శ్రీమతి పద్మలత

*

కామారెడ్డి,
మార్చి 12.

శ్రీమతి పద్మలత గారి దివ్య సముఖమునకు,

తమరి కోపము సీసాతో సహా అందినది. రెండింటినీ పరీక్షించాము. సీసాలో భాస్వరం ఎక్కువ. కోపంలో కోపం తక్కువ, భయం ఎక్కువ.

పద్మా, ఇక చాలు. నెల రోజులైంది. నేను రోజాలో ఉన్నాను, సాయంత్రం దాకా పచ్చినీళ్లు కూడా ముట్టడం లేదు. ఆకలికి ఓర్చుకుంటున్నాను గానీ, యాకూబు భాయ్ ఖాళీ చేతులతో దిగి, “ఈరోజు గూడ ఏం లేదు బేటీ” అంటే మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను. అమ్మీ రోజూ అడుగుతోంది. మీ ఇద్దరికీ ఏమైంది, మళ్లీ జామెట్రీ బాక్సేనా అని. ఖర్జూరం పంపుతున్నాను. షుగర్ వస్తుందని సాకు చెప్పకు, నీకింకా రాలేదు.

నీ మీద నాకు కోపం లేదు. భయపడేది నువ్వొక్కదానివే అనుకోకు. నేను సలహాలు ఇచ్చి, కార్డులు రాసి, చివరికి భీమన్న నిజంగానే వెళ్లిపోతే నిన్ను ఏ మొఖంతో చూడాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అయినా అబద్ధం రాయలేకపోయాను. దానికి నువ్వు తిట్టుకో, పడతాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఈ ఏడు కొందరు డీఏపీ మానేసినా ఈ ఎండాకాలం గండం తప్పదు. ఎండలు ముదిరాక రెండు రోజులు మబ్బు పట్టి గాలి ఆడకుండా ఉక్కబోసిందనుకో, ఆ తర్వాతి తెల్లవారుజామున ఎవరైనా చెరువు దగ్గర ఉండాలి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వెంటనే మోటార్లు పెట్టి చెరువు నీళ్లు తోడి ఎత్తు నుంచి చెరువులోనే చిమ్మండి. పడే నీళ్లతో గాలి లోపలికి పోతుంది. ఒక్క మోటారు సరిపోదు. ఊరంతా రావాలి.

ఊరంతా రావాలంటే, ఊరికీ మీకూ మధ్య మాటలుండాలి. అది నీకే తెలుసు.

నీ ఇఫ్ఫత్

*

ఎల్లారెడ్డి,
ఏప్రిల్ 24.

ఇఫ్ఫత్,

ఖర్జూరం మొత్తం అత్తమ్మ తినేసింది. ఆమెకు షుగర్ ఉంది కదా, అందుకే గింజలు కూడా దాచేసింది. జవాబు ఆలస్యమైందని తిట్టకు. ఈ పది రోజుల్లో జరిగిందంతా ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన ఆదివారం కాక అంతకు ముందు ఆదివారం రైతులూ సొసైటీవాళ్లూ కలిసి కూర్చున్నారు. భీమేష్ లేచాడు. “మీ పిండి బస్తలే మా చేపల గొంతుకు ఉరితాళ్లయినయి” అని మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరూ పెట్టి కడిగేశాడు. లస్మయ్య మామ అంతా విని మెల్లగా అడిగాడు. “మా కార్డులన్ని ఊరు చూసింది. నీ కార్డేది భీమేషూ?”

భీమేష్ నా వైపు తిరిగాడు. “మన మట్టి గూడ పంపినవ్ గద. కార్డేది పద్మా?”

కార్డు నా సంచిలోనే ఉంది. మూడు నెలలుగా ఎక్కడికి పోతే అక్కడికి మోస్తున్నాను, ఇంట్లో పెడితే దొరుకుతుందని. లేదని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో నీ ‘రాయను’ అనే ఒక్క మాట గుర్తొచ్చి చచ్చింది. లేచి నిలబడ్డాను. “మనదే ఫస్ట్. ఊరందరి కంటె ఎక్కువ షుగర్ మన పొలానిదే. నేనే దాసిన” అన్నాను.

మా అత్తమ్మ నోటి మీద చెయ్యేసుకుని, “అయ్యో, నాకొచ్చింది సాలక నా భూమికి గూడ అంటిందా!” అంది. అందరూ పగలబడి నవ్వారు. లస్మయ్య మామ కూడా నవ్వాడు, ఎగతాళికి కాదు. భీమేష్ ఒక్కడు నవ్వలేదు. లేచి వెళ్లిపోయాడు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. ఈలోపు మబ్బు పట్టింది. గాలి లేదు. నువ్వు రాసినట్టే ఉక్కబోసింది. నాలుగో రోజు కోడి కూసే వేళకు నేను కట్ట మీదికి పోయేసరికి ఆయన అప్పటికే అక్కడున్నాడు. నీళ్ల నిండా చేపల నోళ్లు. ఒక్కటీ చప్పుడు చేయదు, అన్నీ నోళ్లు తెరుస్తాయి, మూస్తాయి.

భీమేష్ మోటారు తేవడానికి పరుగెత్తాడు. నేను ఊళ్లోకి పరుగెత్తాను, ఏమని అరిచానో కూడా గుర్తులేదు. మొదట వచ్చింది మైసన్న, భుజం మీద మోటారు, కింద ఒక్క కాలికే చెప్పు. తర్వాత లస్మయ్య మామ ట్రాక్టరు. ఎండ ఎక్కేసరికి పదకొండు మోటార్లు. చెరువు నీళ్లు చెరువులోనే ఎగిరి పడుతుంటే పిల్లలు దాని కింద తడుస్తూ జాతర చేశారు. మధ్యాహ్నానికి నోళ్లు మూతపడ్డాయి. రెండు గంపల చేపలు చచ్చాయి. మిగతావన్నీ బతికాయి, ఇఫ్ఫత్. అన్నీ బతికాయి!

సాయంత్రం భీమేష్ బురద కాళ్లతోనే గడపలో కూర్చున్నాడు. “ఎందుకు దాసినవ్?” అన్నాడు. “నువ్వు పోతవని” అన్నాను. ఆ రాత్రి అన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు.

ఏజెంటు మాత్రం ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వీసా జూన్‌లో వస్తుందట. చెరువు ఎప్పటికి బాగవుతుందో నిజం చెప్పు. నేనడుగుతున్నాను, నిజమే చెప్పు.

పద్మ

*

కామారెడ్డి,
మే 20.

పద్మా,

నీ ఉత్తరం అమ్మీకి చదువుతూ మోటార్ల దగ్గరికి వచ్చేసరికి కాగితం ఆమె చేతిలో పెట్టేశాను. మిగతాది అమ్మీయే కూడబలుక్కుని చదివింది. మైసన్నకు రెండో చెప్పు దొరికిందా అని అడగమంది.

నిజం అడిగావు. నీ ఉత్తరంతో వచ్చిన కొత్త సీసాలో భాస్వరం కొంచెం తగ్గింది. కొంచెమే. పైనుంచి రావడం తగ్గినా, చెరువు అడుగు బురదలో ఇరవై ఏళ్ల డీఏపీ కూర్చుని ఉంది. ఎండాకాలం వచ్చినప్పుడల్లా అది లేచి నీళ్లలో కలుస్తుంది. కాబట్టి ఒక్క ఏడాదితో అయ్యే పని కాదు. మూడేళ్లు. ఏమీ తప్పకుండా చేస్తేనే మూడేళ్లు.

చేయాల్సింది ఏమిటంటే, ఇప్పుడు నీళ్లు తగ్గి అంచులు ఎండాయి కదా, ఆ పూడిక మట్టి తవ్వి పొలాలకు తోలుకోండి. మీరు ఇన్నేళ్లూ కొని చల్లిన పిండి అందులోనే ఉంది. మీ సొమ్మే. మీరే ఇంటికి తెచ్చుకోండి. షుగర్ లేని పొలాలకు ముందు తోలండి, మైసన్నకు చెప్పు, ఆయన రెండు బస్తాల సరదా తీరుతుంది. రెండోది, పొలాలకూ చెరువుకూ మధ్య పది అడుగుల వెడల్పున గడ్డి పెంచండి. వరదతో వచ్చే మట్టిని అది పట్టుకుంటుంది, బర్రెలకు మేతా అవుతుంది. మూడోది, ఏటా నాకు పొట్లాలు పంపండి.

మూడేళ్లనే మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ‘త్వరలో’ అని రాద్దామనుకున్నాను. అది నీకు నచ్చేది, నాకూ నచ్చేది. కానీ నువ్వు నిజం అడిగావు. భీమన్నకు చెప్పే ధైర్యం నీకు కావాలి, నాకది ఇక్కడి నుంచి పంపడం చేతకాదు.

నీ ఇఫ్ఫత్

*

ఎల్లారెడ్డి,
జూన్ 15.

ఇఫ్ఫత్,

మైసన్నకు చెప్పు దొరకలేదు. చెరువులోనే ఉండి ఉంటుంది, దాన్ని కూడా పరీక్ష చేయమని ఆయన కోరిక.

వీసా వచ్చింది. నీ ఉత్తరం వచ్చిన పదో రోజున వచ్చింది. నీ ఉత్తరం అప్పటిదాకా బియ్యం డబ్బాలో ఉంది. నిజమే, మళ్లీ దాచాను. మూడేళ్లనే మాట చదివి ఆయన పెట్టె సర్దుకుంటాడని దాచాను. కానీ ఏజెంటు ఫోన్ పెట్టేసి ఆయన అలా గోడను చూస్తూ కూర్చుంటే, ఇక నా వల్ల కాలేదు. డబ్బా తెరిచి ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టాను. నేను వంటింట్లోకి పోయి చేపలు కడగడం మొదలుపెట్టాను. కడిగినవే మళ్లీ కడిగాను.

ఆయన చదవడం నీకు తెలుసు కదా, ఒక్కో అక్షరాన్నీ పలకరించి చదువుతాడు. చాలాసేపటికి వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

“ఇది ఎప్పుడొచ్చింది?”

“పదిరోజులైతంది.”

“నాకు మస్కట్‌ల కంట్రాక్టు ఎన్నేండ్లు?”

“మూడు” అన్నాను, తల ఎత్తలేదు.

“చెరువుకు?”

“మూడు.”

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు. “ఆడికి పోయి మూడేండ్లు ఎవని బిల్డింగో గట్టి వస్తె, ఈడ చెరువు గిట్లనే ఉంటది. అప్పుడు షురూ జేస్తె ఇంకో మూడు. ఆరేండ్లయితయి. గియ్యాల్నే షురూ జేస్తె మూడే గద పద్మా.”

ఇఫ్ఫత్, ఈ పది రోజులూ నేను ఆ మూడేళ్లనే దాయాలని చూశాను. ఎప్పటికీ బాగుపడదేమోననే ఆయన పోదామనుకున్నాడట. ఎన్నాళ్లో తెలిస్తే చేయొచ్చు అన్నాడు. ఏజెంటుకు నా ముందే ఫోన్ చేశాడు. “నాకు ఊర్లనే మూడేండ్ల పని దొరికింది సార్” అన్నాడు. ఎవరిచ్చారని అతను అడిగాడు. “నేనే పాడు చేసుకున్న పని, నేనే ఇచ్చుకున్న” అన్నాడు.

నేను ఏడ్చాను. బాగా ఏడ్చాను. ఉల్లిగడ్డలు కోయడం లేదు కాబట్టి సాకు చెప్పడానికి కూడా వీల్లేకపోయింది. ఆయన చూసి, “చేపలు కడిగింది చాలు, అరుగుతున్నయి” అన్నాడు.

మర్నాటి నుంచి లస్మయ్య మామ ట్రాక్టరు మీద పూడిక మట్టి తోలుతున్నారు. మొదటి వాన పడేలోపు తొంభై ట్రిప్పులు తోలారు. ఒడ్డున గడ్డి కర్రలు నాటడం భీమేష్ మా పొలం దగ్గరే మొదలుపెట్టాడు. పది అడుగులు చాలని నువ్వు రాస్తే పదిహేను వదిలాడు. రాత్రి కాళ్లు నొప్పులని మూలిగి, పడుకున్న రెండు నిమిషాలకే గురక. ఇల్లు కూలిపోయేటంత గురక. నేను కళ్లు తెరుచుకుని హాయిగా విన్నాను.

మూడేళ్లని నువ్వు రాసిన కాగితం కింద నీ సంతకం ఉంది, జాగ్రత్తగా దాచాను. ఈసారి అందరికీ తెలిసేలాగే దాచాను. నాలుగో ఏడు పట్టిందంటే మాత్రం మస్కట్‌కు నిన్ను పంపిస్తాను.

నీ పద్మ